పవర్ రంపం పొట్టు ఏం చెబుతుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. రోడ్లకు అడ్డంగా కూలిన చెట్లను కోసి దారి చేయడానికి పవర్ రంపాలు కావలసి వచ్చాయి. నాలుగేళ్లకు తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను పడగొట్టినప్పుడూ అంతే. అలాంటి వేళ రంపం మొరాయిస్తే అందరూ ముందు ఇంజిన్నే అనుమానిస్తారు. ప్లగ్గు విప్పుతారు, కార్బురేటర్ కెలుకుతారు. ఇంజిన్ హోరుమంటున్నా కోత దిగడం లేదంటే చూడవలసింది మాత్రం బార్‌నీ, చైన్‌నీ.

ముందు నేల మీద రాలిన పొట్టు చూడాలి. పచ్చి కర్రను అడ్డంగా కోస్తున్నప్పుడు పదునున్న చైన్ చిన్నచిన్న పెచ్చులు విసురుతుంది. పిండిలా రాలుతోందంటే పళ్లు మొద్దుబారాయన్నమాట. ఎండి గట్టిపడిన సరుగుడు దుంగ ఎలాగూ సన్నగానే రాలుతుంది, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

ఈ పెచ్చుల వెనక ఒక పురుగుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ 1946లో మొద్దును తొలుస్తున్న పెంకుపురుగు లార్వాను గమనించాడు. దాని దవడలు కుడికీ ఎడమకీ కొరుక్కుంటూ పోతున్నాయి. ఆ తీరునే ఇనుముతో చేసి, మరుసటి ఏడాది చైన్ల తయారీ మొదలుపెట్టాడు. ఇప్పటి చైన్‌లోనూ కుడి పన్ను, ఎడమ పన్ను ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి.

కోత వంకరపోవడానికి కారణం తరచు ఇక్కడే దొరుకుతుంది. ఒకవైపు పళ్లకు పదును ఎక్కువైతే రంపం ఆ వైపుకే లాగుతుంది. అన్నిటికన్నా పొట్టిగా అరిగిన పన్ను ఏదో చూసి, మిగతావన్నీ ఆ పొడవుకే, ఒకే కోణంలో ఆకురాయితో పట్టాలి. చాలా చైన్లకు ఆ కోణం 30 డిగ్రీలు. పన్ను ముందుండే బొడిపె దానికన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందకు ఉంటే చాలు. అంతకన్నా అరగదీస్తే రంపం కర్రను గుంజుకుంటుంది, వెనక్కి ఎగిరి తన్నే ప్రమాదమూ పెరుగుతుంది. ఈ ఒక్క విషయంలో తొందర అసలు పనికిరాదు.

పదును సరిచేసినా వంకర పోకపోతే బార్ విప్పి, బల్ల మీద అంచు ఆనించి నిలబెట్టండి. పక్కకు ఒరిగితే దాని రెండు అంచులూ సమానంగా అరగలేదని అర్థం. అప్పుడప్పుడూ బార్‌ను తిరగేసి బిగిస్తే ఈ చిక్కు ఆలస్యంగా వస్తుంది.

పొగ వస్తే ఆయిల్ అందడం లేదేమో చూడాలి. బార్ కొనను తెల్ల కాగితం వైపు పెట్టి, తాకకుండా చైన్ తిప్పితే ఆయిల్ చార పడాలి. పడకపోతే గాడిలోనో, ఆయిల్ రంధ్రంలోనో పొట్టు పేరుకుని ఉంటుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోసే అలవాటు మానాలి. అందులోని లోహపు నలుసులు బార్‌నూ పంపునూ తినేస్తాయి. వేడెక్కి సాగిన చైన్‌ను బిగించి అలాగే వదిలేయకూడదు, చల్లారాక కుదించుకుని బార్‌ను పట్టేస్తుంది.

కొత్త చైన్ కొనడానికి వెళ్తే పాత బార్ వెంట తీసుకెళ్లండి. దాని మీద ముద్రించిన గాడి వెడల్పును చైన్ కొలతతో పోల్చి చూడండి. 1.6 మిల్లీమీటర్ల గాడిలో 1.3 చైన్ ఎక్కిస్తే, ఎంత పదునున్నా పక్కలకు ఊగుతూ కోస్తుంది.