గీతకు అటూ ఇటూ

చిట్కుల్ అద్దె గదుల్లో ఉంటూ పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీ షెడ్లలో పనిచేసే మనిషి ఛాతీ ఎక్స్‌రేను చదివే డాక్టరు ఆ దగ్గర్లోనే ఉండాలన్న నియమమేమీ లేదు. 2000లో చిత్తూరు జిల్లా అరగొండ ఆసుపత్రిని అపోలో వాళ్లు ఉపగ్రహం ద్వారా నగరంలోని డాక్టర్లతో కలిపినప్పుడే ఆ సంగతి తేలిపోయింది. ఇప్పుడు మామూలు ఇంటర్నెట్ చాలు. పంపడం సులువైంది సరే, దానికి ముందూ వెనకా ఉన్న పనితనం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ముందు టెక్నీషియన్ చేయి. మనిషి ఛాతీని పలకకు ఆనించి నిలబెడతాడు. ట్యూబు వెనక ఆరడుగుల దూరంలో ఉండాలి, దగ్గరకు జరిగితే గుండె ఉన్నదానికన్నా పెద్దగా పడుతుంది. మోచేతులు ముందుకు తోయిస్తాడు, భుజం పలకలు ఊపిరితిత్తుల మీంచి తప్పుకుంటాయి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లకు ‘సాఁస్ లో, రోకో’ అని హిందీలో చెప్పాలి. ఊపిరి సగమే పీలిస్తే కింది భాగం మసకబారి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. కాలర్ ఎముకల లోపలి కొసలు రెండూ వెన్నుకు సమాన దూరంలో పడ్డాయా అని చూస్తాడు. ఒకటి దగ్గరైతే మనిషి పక్కకు తిరిగాడన్నమాట. వెంటనే మళ్లీ తీయగలిగేది అతనొక్కడే. ఎక్కడో కూర్చున్న డాక్టరు ఆ మనిషిని సరిగ్గా నిలబెట్టలేడు.

తర్వాత బొమ్మ ప్రయాణం. చాలా యంత్రాలు నలుపు తెలుపుల మధ్య 4,096 ఛాయలు పట్టుకుంటాయి. ఫిల్మును ఫోనుతో ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే వాటిలో చాలామటుకు పోతాయి. యంత్రం తయారుచేసిన అసలు ఫైలు, అంటే డైకామ్ ఫైలు వస్తేనే, చదివేవాళ్లు వెలుగును అటూ ఇటూ జరిపి గుండె వెనకా, కాలర్ ఎముకల కిందా వెతకగలరు.

ఇక చదవడం. ఇసుక, రాతి ధూళిలో పనిచేసేవాళ్లకు వచ్చే సిలికోసిస్ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ పద్ధతి ఒకటుంది. దాని మూలాలు 1930 నాటివి. ప్రామాణిక బొమ్మలను పక్కన పెట్టుకుని, ఊపిరితిత్తుల్లోని చుక్కల సాంద్రతను 12 మెట్లలో కొలుస్తారు. మెట్టును రెండు అంకెలతో, మధ్యలో గీతతో రాస్తారు. ‘1/0’ అంటే నా నిర్ణయం ఒకటి, సున్నా కావచ్చేమోనని కూడా గట్టిగా ఆలోచించాను అని. ‘0/1’ అంటే దానికి తలకిందులు. సందేహాన్ని దాచకుండా రిపోర్టులోనే నమోదు చేసే ఈ పద్ధతి వైద్యంలో నాకెంతో ఇష్టమైన రాత.

ఇప్పుడు చదివేది డాక్టరొక్కరే కాదు. టీబీ ఉండొచ్చనుకునేవాళ్లను వడపోయడానికి ఎక్స్‌రేను సాఫ్ట్‌వేర్‌తో చదివించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే, పదిహేనేళ్లు పైబడినవాళ్ల విషయంలో, ఆమోదించింది. రేపు వందల ఎక్స్‌రేల్లో ముందుగా చూడాల్సినవాటిని అదే పైకి తెస్తుంది, తేవాలి కూడా. కానీ అది ఇచ్చే స్కోరు ఈ ఒక్క బొమ్మ గురించే. ధూళి జబ్బు ఏళ్ల తరబడి కదులుతుంది. పాత ఎక్స్‌రే పక్కన ఉంటేనే ఆ కదలిక తెలుస్తుంది. కాంట్రాక్టు మారినప్పుడల్లా మనిషి కొత్త గేటు దగ్గర నిలబడతాడు, పాత ఎక్స్‌రే పాత కంపెనీ బీరువాలో ఉండిపోతుంది. పద్నాలుగు అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరు కింద బొమ్మలన్నీ చేరితే, దూరాన ఉన్న డాక్టరు మూడేళ్ల కిందటి ‘0/1’నీ ఈ ఏటి ‘1/1’నీ ఒకే తెరమీద పక్కపక్కన పెట్టి చూడగలరు. ఆ మనిషిని ధూళి లేని పనికి మార్చమని అప్పుడే రాయగలరు.