రేపటికి దాచిన మందు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో జెనీవా నుండి ‘క్యాన్సర్ పెయిన్ రిలీఫ్’ అను చిన్న పుస్తకమును ప్రకటించెను. మొత్తము 74 పుటలు. దీనిలో క్రొత్త మందేదియు లేదు. సెర్టూర్నర్ అను జర్మన్ ఔషధకారుడు పందొమ్మిదవ శతాబ్ది తొలి యేండ్లలోనే నల్లమందు నుండి వేరుచేసిన మార్ఫిన్ ఇందలి ముఖ్య విషయము.

పుస్తకము ఎదిరించినది ఒక భయమును. మార్ఫిన్ ఇప్పుడే ఇచ్చినచో శరీరము దానికి అలవాటు పడును, చివరి దినములలో బాధ హెచ్చినప్పుడు ఇంకేమి ఇత్తుమని వైద్యులును ఇంటివారును మందును దాచుచుండిరి. రోగి మాత్రము నేడే మూలుగుచుండెను.

ఈ భయములో మూడు వేర్వేరు విషయములు కలగాపులగమై యున్నవి. నాడీకణములపై మార్ఫిన్ తగులుకొను గ్రాహకములు కలవు. మందు ఎడతెగక తగులుచున్నచో వాని స్పందన తగ్గును. మునుపటి ఫలితమునకు మోతాదు పెంచవలసి వచ్చును. వైద్యులు టాలరెన్స్ అనునది ఇదియే. మందు హఠాత్తుగా మానినచో చెమటలు, వణకు, విరేచనములు కలుగుట శరీరము దానిపై ఆధారపడుట. మెల్లగా తగ్గించినచో దీనిని తప్పించవచ్చును. కీడు కలుగుచున్నను మందుకొరకు వెంపరలాడుట వ్యసనము. మొదటి రెండును దేహధర్మములు, మూడవది రోగము.

అలవాటు పడుట కూడ అన్నిట ఒక్క తీరున జరుగదు. వికారము, మగత చాలమందికి కొలది దినములలో తగ్గును. మలబద్ధకము మాత్రము తగ్గదు. కనుక మార్ఫిన్‌తోబాటే విరేచనకారి ఇయ్యవలెను. ఒకే అణువు, ఒకే దేహము. మెదడు అలవాటు పడినది, ప్రేగు పడలేదు! జీవశాస్త్రపు తరగతిలో చెప్పదగిన సంగతి. ఇక మోతాదు పెంచవలసి వచ్చినప్పుడు తరచు కారణము కంతి పెరుగుటయే గాని మందు మొద్దువారుట కాదు. మార్ఫిన్‌కు నిర్ణీతమైన పై మోతాదు లేదు, దుష్ఫలితములే హద్దు. అది చాలనిచో ఆ కుటుంబములోని వేరొక మందుకు మార్చవచ్చును. ఒకదానికి అలవాటు పడిన శరీరము రెండవదానికి పూర్తిగా పడియుండదు. అందుచేతనే క్రొత్తదానిని లెక్కకు వచ్చినదానికంటె తగ్గించి మొదలిడుదురు. ఇట్లుండగా మందును దాచుటలో అర్థము లేదు.

నోటిద్వారా, గడియారము ప్రకారము, మెట్ల వరుసను ఇయ్యవలెనని పుస్తకము చెప్పిన సూత్రములు. వీనిలో గడియారము మిన్న. బాధ తిరిగి వచ్చువరకు ఆగక మోతాదును వేళకు ఇచ్చుట సిసిలీ సాండర్స్ లండన్‌లోని సెయింట్ జోసెఫ్ హాస్పిస్‌లో 1958 నుండి ఆచరించి చూపినదే.

మెట్లే బలహీనము. ఆస్పిరిన్, కోడీన్, మార్ఫిన్ అను వరుసలో నడిమి మెట్టు నమ్మదగినది కాదు. కోడీన్ చాలవరకు శరీరములో మార్ఫిన్‌గా మారియే పనిచేయును. కొందరి కాలేయములో ఆ మార్పు చేయు ఎంజైము చాలదు. 2016లో ప్రకటింపబడిన 240 మంది రోగుల పరీక్షలో, నడిమి మెట్టు మందులకంటె తక్కువ మోతాదు మార్ఫినే మేలనిపించుకొన్నది. 2018 నాటి సూచనలలో సంస్థయే ఈ మెట్లను అనుబంధమునకు పంపెను.

క్యాన్సర్ రోగికి చెప్పిన ధైర్యమును ఇతరుల నొప్పులకు ఎరువు తెచ్చుకొనుట వేరొక పొరపాటు. అమెరికాలో 1980లో ఒక వైద్యపత్రికలో అయిదు వాక్యముల లేఖ వెలువడెను: ఆస్పత్రిలో ఈ మందులు పొందిన 11,882 మందిలో వ్యసనపరులైనవారు నలుగురే అని. ఇంటివద్ద నెలల తరబడి వాడుటనుగూర్చి అది ఏమియు చెప్పలేదు. అయినను వందలకొలది వ్యాసములు దానిని ప్రమాణముగా చూపినవని 2017లో లెక్క తేలెను. అప్పటికే ఆ దేశమున అపారనష్టము జరిగిపోయెను.

భారతదేశమున జరిగినది దీనికి తలక్రిందులు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలములలో గసగసాల మొక్క చట్టబద్ధముగా పండుచున్నను, 1985 నాటి మత్తుపదార్థముల చట్టము తరువాత ఆస్పత్రులలో మార్ఫిన్ వాడకము బాగుగా పడిపోయెను. 2014లో ఆ చట్టమును సవరించి, మార్ఫిన్ మొదలగువానిని అత్యవసర మత్తుమందులుగా వేరుపరచి, ఆస్పత్రికి ఒక్క అనుమతి చాలునట్లు మార్గమేర్పరచిరి.