నలుపు అడుగున నీలం

ఆర్టు పేపరు మీద నూటికి నూరు శాతం నల్ల ఇంకు వేస్తే నలుపే రావాలి. రాదు. అలా అచ్చయిన అట్ట పక్కన నల్ల మఖ్‌మల్ గుడ్డ పెట్టి పగటి వెలుతురులో చూస్తే, మనం నలుపనుకున్నది ముదురు బూడిద రంగని తేలిపోతుంది.

ఆఫ్‌సెట్ ముద్రణలో ఇంకు ప్లేటు నుంచి రబ్బరు బ్లాంకెట్ మీదికి, అక్కణ్ణుంచి కాగితం మీదికి చేరుతుంది. చివరికి మిగిలే పొర మందం ఇంచుమించు ఒక మైక్రాన్. అందులోని కార్బన్ బ్లాక్, అంటే నూనెను చాలీచాలని గాలిలో కాల్చి పట్టిన మసి, అంత పల్చని పొరలో మీద పడ్డ వెలుతురునంతా మింగలేదు. పైగా దానికి కాస్త గోధుమ ఛాయ. అందుకే ఇంకు తయారుచేసేవాళ్లు కొంచెం నీలం కలుపుతారు, తెల్లబట్టల పసుపు విరగడానికి నీలిమందు పెట్టినట్టు.

పోనీ, ఇంకే దండిగా వదిలితే? ఆరదు. దొంతరలో కింది షీటు తడి పైషీటు వీపుకి అంటుకుంటుంది. ఈ సెట్టాఫ్ భయంతోనే షీట్ల మధ్య సన్నని పౌడర్ చల్లిస్తారు. సీసపు అక్షరాల రోజుల్లో నలుపు పల్చబడే ఇబ్బంది ఇంతగా లేదు. అచ్చు నేరుగా కాగితాన్ని నొక్కేది, పొర మందంగా దిగేది. 1450లలో గుటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిల్ అక్షరాలు ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయి. ఆ ఇంకులో రాగి, సీసం బాగా ఉన్నాయని 1980లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) పరిశోధకులు తేల్చారు.

ఆఫ్‌సెట్‌కి మిగిలిన దారి, నలుపు కింద వేరే రంగులు పరచడం. సయాన్ 60 శాతం, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100: ఇవి చాలామంది వాడే పాళ్లు. మొత్తం 240. నాలుగూ నూరేసి వేస్తే 400 అవుతుంది. అంత తడిని ఆర్టు పేపరైనా మోయలేదు. దానికి 300 చుట్టుపక్కల హద్దు పెడతారు, న్యూస్‌ప్రింట్‌కైతే 240 దగ్గరే ఆగుతారు. నాకు మాత్రం నలుపు కింద ఒక్క సయానే, 50 శాతం దాకా, ముద్దు. చల్లని నలుపు వస్తుంది. రిజిస్ట్రేషన్, అంటే రంగులు ఒకదాని మీద ఒకటి కుదరడం, కాస్త తప్పినా అంచున కనిపించేది ఒక్క నీలమే. డబ్బుంటే ప్రెస్సులోని ఐదో యూనిట్‌లో నలుపే రెండోసారి వేయించడం అన్నిటికన్నా మేలు. మంచి ఫోటో పుస్తకాలకు అలా చేస్తారు.

ఈ లోతైన నలుపు అక్షరాలకు మాత్రం పనికిరాదు. ఫోటోషాప్‌లో స్క్రీన్ నలుపుని మామూలు సెట్టింగులతో ప్రెస్సు రంగుల్లోకి మారిస్తే 75, 68, 67, 90 అని నాలుగు రంగుల్లోకి చీలిపోతుంది. పది పాయింట్ల తెలుగు పాఠం ఆ నాలుగు ప్లేట్ల మీద పడిందా, వెంట్రుకవాసి జరిగినా వత్తులకి ఎర్ర నీడలు మొలుస్తాయి. పాఠం ఒక్క నల్ల ప్లేటులోనే ఉండాలి. నల్ల అట్ట మీద తెల్ల అక్షరాలైతే మరీ గండం: కింది రంగులని అక్షరం అంచునుంచి కొద్దిగా వెనక్కి లాగకపోతే సున్నలు పూడిపోతాయి.

ఇంత చేశాక చాలామంది మ్యాట్ లామినేషన్ అడుగుతారు. గరుకు ఉపరితలం వెలుతురుని అన్ని వైపులా చెదరగొట్టి నలుపుని మళ్లీ బూడిద చేస్తుంది, వేలిముద్రలు అదనం. గ్లాసీ లామినేషన్ నాటుగా ఉందని మొహం చిట్లించేవాళ్లు ఒకసారి రెండు నమూనాలూ పక్కపక్కన పెట్టించుకుని చూడాలి.