తలమీద నిప్పులు: దీవెనా, శాపమా?

ప్రసంగములో వాక్యార్థము తప్పిపోయినప్పుడు హెబ్రీ, గ్రీకు భాషలు రాకపోవుటే కారణమని అనుకొందుము. మన తెలుగును మనమే సరిగా వినకపోవుట అంతకంటె తరచైన కారణమని మా అభిప్రాయము.

బోధన్ ప్రాంతమునే తీసికొందము. 1937లో స్థాపించబడి, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారము చుట్టూ పెరిగిన సంఘములకు "పిప్పి" అనగా రసము తీసిన తరువాత మిగులు చెరుకు పీచు. అది వాచ్యార్థము. "మనిషి పిప్పిలా అయిండు" అన్నప్పుడు "లా" అను మాట పోలికను బయటపెట్టుచున్నది గనుక అది ఉపమ. "వడ్డీలోళ్లు పీల్చి పిప్పి చేసిండ్రు" అన్నప్పుడు చెరుకూ లేదు, పోలిక పదమూ లేదు. చెరుకు తోట ఎరుగనివారికి కూడ అర్థమగును. అది జాతీయము. అందులో మాట మార్చిన అర్థము చెడును.

"లైట్ తీస్కో" వంటివి వీధిమాటలు; వచ్చినట్లే పోవును. అయితే "జర", "పరేషాన్" అను నిజామాబాదు మాటలను కూడ వీధిభాష అని ప్రార్థనలో సరిదిద్దువారున్నారు. అది అన్యాయము. అవి ఉర్దూతో కలిసి బ్రదికిన జిల్లా ఇంటిభాష.

ఒకే మాట ఒకచోట వాచ్యము, మరొకచోట అలంకారము కావచ్చును. నిర్గమ 12:11లో నడుము కట్టుకొనుట పస్కా రాత్రి నిజముగా చేయవలసిన పని. 1 పేతురు 1:13లో ఆ నడుము మనస్సునకు చెందినది. తెలుగులోను నడుము కట్టుట అను జాతీయము ఉన్నది గనుక వినువారు తడబడరు.

రోమా 12:20 అట్లు కాదు. శత్రువునకు అన్నము, నీళ్లు ఇచ్చుట వాచ్యార్థమే. అలంకారమని చెప్పి తప్పించుకొనరాదు. తలమీద నిప్పులు మాత్రము వాచ్యము కాదు. అగస్టీను క్రైస్తవ బోధను గూర్చిన గ్రంథపు 3వ భాగములో ఈ భేదమును ఈ వచనముతోనే చూపి, నిప్పులను పశ్చాత్తాపపు వేదనగా గ్రహించెను. 19వ వచనమును ఆధారము చేసికొని దేవుని తీర్పుగా చెప్పిన వ్యాఖ్యాతలును ఉన్నారు. 14, 21 వచనముల నడుమ ఆ భావము ఇముడుట కష్టమని మాకు తోచుచున్నది.

చిక్కు తెలుగులో మొదలగును. "సంసారంల నిప్పులు పోసిండు" అనగా నాశనము చేసెనని మన భావము. పౌలు సామెతలు 25:22 నుండి తీసికొన్న మాట తెలుగులోనికి పదమునకు పదము రాగా, ముందే ఉన్న మన జాతీయముతో కలిసిపోయినది. గట్టు తగాదాలో అన్నతో మాట మానుకొన్న రైతు ఈ వచనము విని, పండుగనాడు వదినకు అన్నము పంపి, "ఇగ దేవుడే చూసుకుంటడు" అని లోలోపల సంతోషించిన, అతడు మూర్ఖుడు కాడు. తెలుగు విన్నాడు, అంతే.

అనువాదము మార్చుమని మేము కోరుట లేదు. సంఘమునకు కంఠస్థమైన మాటను తీసివేయుట సులభము కాదు. అయితే కాపరి మూడవ అంశము వరకు ఆగక, వచనము చదివిన వెంటనే, ఇది నిప్పులు పోసి కొంప ముంచుట కాదని, మేలు చూచి శత్రువు సిగ్గుపడి మనసు మార్చుకొనుటయని ఇంటిభాషలో చెప్పవలెను. వినువారిలో ఆ అన్నయు ఉండవచ్చును.