చదరంగం పోటీలు - ఓడినవాడికీ న్యాయం కావాలి

మన సంఘాల పండుగ కార్యక్రమాల్లో చదరంగం పోటీ ఇప్పుడొక స్థిరమైన అంశమైపోయింది. పాటల పోటీకి న్యాయనిర్ణేతలు ఎవరు, నాటకానికి ఎన్ని నిమిషాలు అని కార్యవర్గాలు వారాల తరబడి తర్జనభర్జన పడతాయి. చదరంగం దగ్గరికొచ్చేసరికి మాత్రం చీట్లు వేసి జంటలు కట్టి, ఓడినవాళ్లను పక్కన కూర్చోబెడితే సరిపోతుందనుకుంటాయి. ఆటలో అదృష్టం లేదు గనక పోటీలోనూ అదృష్టం ఉండదని మనవాళ్ల నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

ఓడినవాడు వెళ్లిపోయే ఈ పద్ధతే నాకౌట్. 64 మంది ఉంటే 6 రౌండ్లలో, 63 ఆటల్లో విజేత తేలిపోతాడు. ఇంత క్లుప్తమైన పద్ధతి ఇంకొకటి లేదు. కాని 1883లోనే ఆక్స్‌ఫర్డ్ గణితాచార్యుడు చార్లెస్ డాడ్జ్‌సన్ టెన్నిస్ పోటీల మీద చిన్న పుస్తకం రాసి దీన్ని ఖండించాడు. మన పిల్లలు చదివే ఆలిస్ కథల లూయిస్ కారల్ ఆయనే. 32 మంది పోటీలో బలవంతుడే ఎప్పుడూ గెలుస్తాడనుకున్నా, రెండో స్థానానికి నిజంగా తగినవాడికి రెండో బహుమతి దక్కే అవకాశం 31 పాళ్లలో 16 మాత్రమే. మొదటివాడున్న సగంలో అతని చీటీ పడిందా, ఫైనల్ చూడకుండానే పోతాడు. అంటే మనమిచ్చే రెండో బహుమతి ఇంచుమించు బొమ్మా బొరుసూ అన్నమాట.

వైద్యవృత్తిలో ఉన్న మాకు ఇందులో ఇంకో చిక్కు కనిపిస్తుంది. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి ఒక్కసారి రక్తపోటు చూసి జీవితాంతం మందు రాసెయ్యం. కూర్చోబెట్టి మళ్లీ చూస్తాం, ఇంకో రోజు రమ్మంటాం. ఒక్క ఆట కూడా ఒక్క కొలతే. పైగా ఆ కొలతలో మొదటినుంచీ మొగ్గు ఉంది. పెద్ద పోటీల లెక్కలు చూస్తే తెల్లపావులవాళ్లకు నూటికి సుమారు 54, 55 పాయింట్లు వస్తాయి. ఒక్క ఆటతో పంపించేస్తే, నల్లపావులు వచ్చిన పిల్లవాడికి ఆ బాకీ తీరేదెప్పుడు?

అందుకే ప్రపంచ కప్ లాంటి నాకౌట్ పోటీల్లో ఇద్దరికీ రెండేసి ఆటలు పెట్టి రంగులు మారుస్తారు. 2025 జూలైలో జార్జియా దేశపు బటూమిలో, మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో మన కోనేరు హంపి, నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్ ఆడిన రెండు ఆటలూ డ్రా అయ్యాయి. తరవాత పెట్టిన రాపిడ్ ఆటల్లో దివ్య గెలిచింది. మనకు మనసు చివుక్కుమన్నా దాన్ని అన్యాయమనలేం. నియమం ఇద్దరికీ ముందే తెలుసు. హంపి 2019లోనూ 2024లోనూ రాపిడ్‌లో ప్రపంచ విజేత కూడా. అయినా, నిదానపు ఆటలో ఎవరు మేలన్న ప్రశ్నకు వేగపు ఆటతో జవాబు చెప్పడం, షుగరు పరీక్ష తేలలేదని బరువు తూచి జబ్బు నిర్ణయించినట్టే ఉంటుంది.

మరి అందరూ అందరితో ఆడితే? 8 మందికి 28 ఆటలు. చిన్న గుంపుకి ఇంతకంటె మేలైనది లేదు. 64 మందికైతే 2016 ఆటలు. హాలు అద్దె కట్టలేం. ఇందులో వేరే పురుగు కూడా ఉంది. ప్రపంచ విజేతతో ఆడే అర్హత కోసం 1962లో క్యురసావ్ దీవిలో 8 మంది, ఒక్కొక్కరితో నాలుగేసి ఆటలు ఆడారు. సోవియట్ యూనియన్‌కు చెందిన పెట్రోసియన్, కెరెస్, గెల్లర్ తమలో తాము ఆడిన 12 ఆటలూ డ్రా అయ్యాయి. పెట్రోసియన్ 17½ పాయింట్లతో నెగ్గాడు, మిగతా ఇద్దరికీ 17. పద్నాలుగు పాయింట్లతో నాలుగోవాడైన బాబీ ఫిషర్ ఇదంతా కుమ్మక్కని పత్రికకెక్కాడు. మూడున్నర పాయింట్ల తేడాకి ఆ డ్రాలే కారణమనలేం గాని, 1965 నాటికి అంతర్జాతీయ సమాఖ్య ఆ పోటీనే ఎత్తేసి ఇద్దరిద్దరి మధ్య మ్యాచ్‌లు పెట్టింది. శ్రమ లేకుండా లాభపడే దారి పద్ధతిలోనే ఉంటే మనుషులు ఆ దారిన నడుస్తారు. మన పోటీల్లో అన్నదమ్ములు, ఒకే కారులో వచ్చిన స్నేహితులు ఎదురుపడటం మామూలే. అనుమానం పుడితే చెడేది రెండు కుటుంబాల స్నేహం.

ఆ మ్యాచ్‌లలోనూ పేచీ తప్పలేదు. 1983లో ఆస్ట్రియాలోని వెల్డెన్‌లో స్మిస్లోవ్, హ్యూబ్నర్ 14 ఆటలు ఆడి 7-7తో సమంగా నిలిచారు. చివరికి జూదశాలలో రౌలెట్ చక్రం తిప్పితే స్మిస్లోవ్ ముందుకు వెళ్లాడు. అదీ ముందే రాసుకున్న నియమమే! ముందుగా చెప్పినంత మాత్రాన చెడ్డ నియమం మంచిదైపోదు. లండన్‌లో 2013లో కార్ల్‌సన్, క్రామ్నిక్ చెరి 8½ పాయింట్లు తెచ్చుకుంటే, నాలుగు గెలుపులకంటె ఐదు ఎక్కువని కార్ల్‌సన్‌కు అర్హత ఇచ్చారు. కనీసం అది బల్లమీద జరిగిన ఆటనుంచి తీసిన లెక్క. కాని పాయింట్లు సమానమైనప్పుడు ఎక్కువ గెలుపులంటే ఎక్కువ ఓటములు కూడా: కార్ల్‌సన్ రెండు ఓడాడు, క్రామ్నిక్ ఒకటే.

మనకు తగినది 1895లో జూరిచ్‌లో మొదలైన స్విస్ పద్ధతి అని మా అభిప్రాయం. ఎవర్నీ పంపించెయ్యరు. ప్రతి రౌండులోనూ సమానమైన పాయింట్లున్నవాళ్లకు, రంగులు వీలైనంత మార్చుతూ జోడీ వేస్తారు. 64 మందికి ఇందులోనూ 6 రౌండ్లే చాలు. మనిషికి 15 నిమిషాల చొప్పున గడియారం పెడితే మూడు గంటల పైచిలుకు పని. మధ్య స్థానాల వరస దీనిలో అంత కచ్చితంగా తేలదు, అది ఒప్పుకోవాలి. కాని నాకౌట్‌లో అసలు తేలనే తేలదు. అక్కడ మొదటి రౌండులోనే 32 మంది పిల్లలు ఇంటిదారి పడతారు. ఇక్కడ ఆఖరి బల్లమీద ఆడే పిల్లవాడికి కూడా ఆరో ఆటలో తనకు ఈడైనవాడే ఎదురుగా కూర్చుంటాడు.

కార్యవర్గం వారికి మా మనవి మూడు మాటలు. ఒకే ఇంటివాళ్లకు చివరి రౌండులో జోడీ వెయ్యొద్దు. మొదటి స్థానం సమమైతే టైబ్రేక్ పెట్టకుండా ఇద్దర్నీ విజేతలనే ప్రకటించండి. కప్పు ఆరునెలలు ఒకరింట్లో, ఆరునెలలు ఇంకొకరింట్లో ఉంటుంది. ఈ నియమాలన్నీ చీట్లు తియ్యకముందే తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి గోడకు అంటించండి. అప్పుడు ఓడిన పిల్లవాడు తన ఎత్తుల గురించి ఆలోచిస్తాడు, పెద్దవాళ్ల లెక్కల గురించి కాదు.