గొట్టం లేని కోత

ఉమ్మడి వరంగల్‌లో పత్తి, మిరప వేసే ఇళ్లలో పురుగుల మందు డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంటుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఎక్కడి నుంచైనా, తాగినవాళ్లను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో హైదరాబాద్‌కో పరుగున తెస్తారు. మోనోక్రోటోఫాస్ లాంటి మందు ఊపిరి కండరాలను పడగొడుతుంది. తేరుకున్నాడనుకున్న మనిషి రెండో రోజో మూడో రోజో తల ఎత్తలేడు. నోట్లోంచి గొట్టం వేసి వెంటిలేటర్ పెడతాం.

అలా బతికి బయటపడ్డవాళ్లలో కొందరు వారాల తర్వాత "దమ్మొస్తున్నది సారూ" అంటూ వస్తారు. అప్పటికే ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్లు పీల్చి ఉంటారు. ఊపిరి పీల్చేటప్పుడు గొంతు దగ్గర కూత వినబడితే ఆ గొట్టం వల్ల శ్వాసనాళం ఇరుకైందేమో చూడాలి.

ఆ ఇరుకు ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టడం గట్టి వైద్యం. పది పన్నెండు సెంటీమీటర్ల నాళంలో సుమారు సగం దాకా తీయవచ్చని బోస్టన్ సర్జన్ హెర్మిస్ గ్రిల్లో దారి చూపారు. చిక్కంతా మా మత్తు డాక్టర్లకే. సర్జన్ కోసేదీ మేం గాలి పంపేదీ ఒకటే దారి. కింది కొసలో మరో గొట్టం పెడతాం, ఆయన కుట్టు వేసేందుకు తీస్తాం, మళ్లీ పెడతాం.

ఇప్పుడు గొట్టమే లేకుండా చేస్తున్నారు. మెడ నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్, నాళంలో లిడోకైన్ అనే మొద్దుబార్చే మందు, కాస్త మత్తు. ఊపిరి మాత్రం రోగిదే. సర్జన్‌కు అడ్డేమీ ఉండదు. రోగి మెలకువగా ఉంటే మాట్లాడించి స్వరం సరిచూసుకోవచ్చు. 2010లో దీని మీద రాసిన సర్జన్ పాలో మకియారినీ, తర్వాత రోగులకు ప్లాస్టిక్ శ్వాసనాళాలు అమర్చిన కేసులో స్వీడన్‌లో దోషిగా తేలాడు. అందుకే నేను చైనాలోని గ్వాంగ్‌జౌలో సర్జన్ హ జియన్‌షింగ్ బృందం పనినే ఎక్కువ చదువుతాను. అయినా ఊబకాయులకూ, కఫం ఎక్కువున్నవాళ్లకూ ఇది కుదరదు. గొట్టం పక్కనే సిద్ధంగా ఉండాలి.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అక్కడి పిల్లలకు నేనైతే ఈ ఆపరేషన్ కంటే ముందు కఫ్ ప్రెషర్ మీటర్ చేతికిస్తాను. గొట్టం చివరి బుడగలో పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మధ్య ఉండాలి; 30 మించితే నాళం లోపొరకు రక్తం సరిగా అందదు. పుండు పడుతుంది, మానుతూ బిగుసుకుంటుంది. కొలవడానికి అరనిమిషం చాలు. గొట్టానికి బయట వేలాడే చిన్న బుడగను వేలితో నొక్కి "సరిపోయింది" అనేవాళ్లతో నాకు ఇప్పటికీ గొడవే.