టైల్ కింది పొర

టైల్స్ నీళ్లను ఆపవు. ఇంటి మరమ్మతు పెట్టుకున్న ప్రతివాళ్లకూ ఈ ఒక్కమాట ముందే చెప్పాలనిపిస్తుంది. రంగు కోసం, మెరుపు కోసం షోరూముల్లో పూటలకు పూటలు గడుపుతాం. నీళ్లను నిజంగా ఆపేది ఆ టైల్ కింద ఉండే పలుచని పూత. దాన్ని చూసి ఎంచుకోవడానికి ఇంట్లోంచి ఎవరూ కదలరు. మేస్త్రీ ఏ డబ్బా తెస్తే అదే.

విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతం నీటిని కూడా పీల్చదన్నది నిజమే. కానీ తడి దిగేది టైల్‌లోంచి కాదు, రెండు టైల్స్ మధ్య సందులోంచి. అక్కడ తెల్ల సిమెంటు పూసినా రోజూ పోసే నీళ్లలో కొంత కిందికి దిగుతూనే ఉంటుంది. మన పాత ఇళ్లలో దీనికి భయపడే పని ఉండేది కాదు. స్నానం పెరట్లో షాబాద్ బండ మీద, ఆ నీళ్లు అరటిచెట్టు మొదట్లోకి. ఇప్పుడు స్నానాల గది మేడెక్కింది. దాని కింద వంటిల్లో, పడకగదో ఉంటుంది. పైపులు దాచడానికి స్లాబును అడుగు లోతు దించి, ఆ గుంతను ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ పరుస్తారు. పూత సరిగా లేకపోతే ఆ ఇటుక ముక్కల మధ్య ఏళ్ల తరబడి నీళ్లు చేరి, నడినెత్తిన కనిపించని కుంట ఒకటి తయారవుతుంది. కింది గది సీలింగ్ మీద మచ్చ కనిపించేసరికి లోపలి ఇనుము తుప్పెక్కడం మొదలై ఉంటుంది. తుప్పెక్కిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. రంగు వేసి కప్పే జబ్బు కాదది.

మా మేడమీది స్నానాల గదిని ఈ ఎండాకాలం పూర్తిగా తవ్వించి మళ్లీ కట్టించాం. పనికి కుదిరిన మేస్త్రీ ఏళ్ల తరబడి మస్కట్‌లో టైల్స్ పని చేసి వచ్చినవాడు. నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్ చూడని ఊరు దొరకడం కష్టం. అక్కడినుంచి వచ్చే డబ్బు గురించి అందరం మాట్లాడతాం, అక్కడినుంచి వచ్చే పనితనం గురించి తక్కువ మాట్లాడతాం. మొదటిరోజే ఆయన అన్నమాట: “టైల్ వెట్టుడు అందరికొస్తది సార్. నీళ్లు నిలవెట్టి సూసుడే అసలు పని. ఆడ ఇంజనీరు సూసి సంతకం వెట్టేదాక టైల్ ముట్టనియ్యకపోతుండె. ఈడ రెండు దినాలు ఆగుమంటె ఎవ్వలు ఆగుతలేరు.”

ఆయన పని చేసిన వరుస చూస్తే నాకు చాలా సంగతులు తెలిశాయి. ముందు పైపులు స్లాబును దాటే చోట్లన్నీ చెక్కి, కుంచించుకుపోని గ్రౌట్‌తో బిగించాడు. ఎక్కువ కారేది గచ్చు మధ్యలో కాదు, పైపు చుట్టూ, నహానీ ట్రాప్ అంచు దగ్గర. తర్వాత గోడ, నేల కలిసే మూలల్లో మాలుతో గుండ్రంగా గోలా కొట్టాడు. మూల నిటారుగా ఉంటే పూత అక్కడే చీలుతుంది. ఆ పైన సన్నటి ఫైబర్ జాలీ, దాని మీద రెండు పాళ్లు కలిపే పాలిమర్ సిమెంటు పూత. మొదటి చెయ్యి నిలువుగా వేసి ఆరనిచ్చి, రెండో చెయ్యి అడ్డంగా. గోడల మీదికి అడుగు ఎత్తు, షవర్ ఉన్న గోడకు మనిషి ఎత్తు దాటి.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది వాటం సంగతి. మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు ఉండాలని అందరికీ తెలుసు. ఆ వాలు టైల్స్ కింది మాలులో ఇస్తే చాలనుకుంటారు. చాలదు. పూత వేసే నేలకే వాటం ఉండాలి. లేకపోతే సందుల్లోంచి దిగిన తడి పూత మీదే బల్లపరుపుగా నిలిచిపోతుంది. కొన్నాళ్లకు సందులు నల్లబడతాయి, గదిలో ముక్క వాసన మొదలవుతుంది. యాసిడ్ పోసి రుద్దినకొద్దీ అది ఆ సందులనే ఇంకా తినేస్తుంది. వాసనకు మూలం నేల కడగకపోవడమని ఇంట్లో ఆడవాళ్లను తప్పుపట్టడం నేను ఎన్ని ఇళ్లలో విన్నానో. తప్పు కడిగేవాళ్లది కాదు, కట్టినప్పటిది.

పూత ఆరాక ట్రాప్ మూసి, రెండు వేళ్ల లోతున నీళ్లు నింపి, గోడమీద పెన్సిల్‌తో గీత గీసి రెండు రోజులు వదిలేశాం. ఆ రెండు రోజులూ కింది గది సీలింగ్ చూస్తూ తిరగడమే నా పని.

ఈ పనిలో మన ప్రాంతానికే ప్రత్యేకంగా చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. మంజీరా మీద 1923 నుంచి 1931 దాకా కట్టిన నిజాంసాగర్ వల్ల బోధన్ చుట్టూ చెరుకు విస్తరించింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చక్కెర తెచ్చిన గోనెసంచులు ఈ పక్క చాలా ఇళ్లలో ఉండేవి. కొత్త సిమెంటు పనిని తడిగా ఉంచడానికి వాటినే పరిచేవాళ్లను చూశాను. పరచకూడదు. సిమెంటు బరువులో వందోవంతు చక్కెర కలిసిందంటే అది గట్టిపడటమే దాదాపు ఆగిపోతుంది. అంతకన్నా చాలా తక్కువ కలిసినా ఆలస్యం తప్పదు. సంచి నేతలో మిగిలిన చక్కెర నీళ్లలో కరిగి పైపొరను చెడగొడుతుంది.

సున్నానికి మాత్రం చక్కెర చుట్టమే. చక్కెర ఫ్యాక్టరీల్లో చెరుకురసాన్ని తేటపరచడానికి సున్నం కలుపుతారు. మన పాత మేస్త్రీలు డంగు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపేవాళ్లు. తీపి తగిలితే సున్నం నీళ్లలో ఎక్కువ కరుగుతుంది, మాలు మెత్తగా చేతికి లొంగుతుంది. 2013లో మొదలైన గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు, ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును ఊడదీసి మళ్లీ సున్నపు పూత వేయించారు. లోపలికి చేరిన తడిని సున్నం బయటికి పోనిస్తుంది, సిమెంటు బంధించేస్తుంది. ఆ ప్రాంగణంలోనే పాత హమామ్ ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ గచ్చు మెత్తిన చేతులకు నా మనసు మొక్కుతుంది. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. సున్నం రుబ్బే గానుగలు అంతకు చాలా ముందే ఆగాయి. రెండింటితో పాటు పోయిన నేర్పు చిన్నది కాదు. అందుకే మస్కట్ నుంచి తిరిగొచ్చిన నేర్పునైనా మనం నిలబెట్టుకోవాలని నా ఆరాటం.

దానికి అడ్డం మనం కూలి ఇచ్చే పద్ధతే. టైల్స్ పనిని చదరపు అడుగు లెక్కన మాట్లాడతాం. అడుగు లెక్కలో ఆగిన రోజుకు పైసా లేదు. పూత ఆరేదాకా, నీళ్లు నిలిచేదాకా ఎదురుచూసిన మేస్త్రీ నష్టపోతాడు, తొందరపడినవాడు ఇంకో ఇంటి పని పట్టుకుంటాడు. పైగా “ఇంకెన్నాళ్లు?” అని మనమే తరుముతాం. మా ఇంట్లో పూతకు, నీటి పరీక్షకు దినకూలి వేరుగా మాట్లాడుకుని, టైల్స్‌ను మాత్రం అడుగు లెక్కన ఇచ్చాం. మొత్తం ఖర్చులో ఆ కూలి వాటా టైల్స్ ధరతో పోలిస్తే ఎంతో చిన్నది.

అతికించడంలోనూ పాత అలవాటు ఒకటి వదలాలి. వెనకటి గోడ టైల్స్ నీళ్లు బాగా పీల్చేవి కాబట్టి తొట్టిలో నానబెట్టి, సిమెంటు ముద్ద పెట్టి అతికిస్తే పట్టుకునేవి. విట్రిఫైడ్ టైల్‌కు ఆ పట్టు దొరకదు. దానికి టైల్ అడ్హెసివ్‌ను పళ్లున్న తాపీతో నిండా గీసి అద్దాలి. నాలుగు మూలలా ముద్దలు పెట్టి తడితే మధ్యలో డొల్ల మిగులుతుంది. నాణెంతో కొట్టి చూస్తే ఆ శబ్దమే చెప్పేస్తుంది.

టైల్స్ ఎక్కకముందే ప్రతి గోడకూ కొలటేప్ ఆనించి ఫోటోలు తీసి ఉంచాం. పైపులు ఏ ఎత్తున పోయాయో, పూత ఎక్కడిదాకా ఉందో వాటిలో కనిపిస్తుంది. రేపు గీజర్ మార్చడానికో, పెద్దవాళ్లు పట్టుకునే కడ్డీ బిగించడానికో డ్రిల్లింగ్ మిషన్‌తో వచ్చే కుర్రాడికి ముందు ఆ ఫోటోలు చూపించాలి. ప్రింట్లు తీయించి ఇంటి కాగితాల ఫైల్లో పెట్టాను.